చైనుకు ఒక అంగుళం

మా నాయన సైకిలు ఇంకా మత్తిగిరి ఇంటి వెనక పశువుల కొట్టంలోనే ఉంది. పశువులు పోయి పదేండ్లయింది, సైకిలు మాత్రం పోలేదు. మద్రాసు పక్కన అంబత్తూరులో తయారైన నల్ల హెర్క్యులిస్. హొసూరు సిప్కాట్‌లో ఒక్కొక్క ఫ్యాక్టరీ లేస్తా ఉన్న కాలంలో నాయన దాన్ని కొన్నాడు. ఇరవై ఏండ్లకు పైగా దాని మీదనే షిఫ్టుకు పోయి వచ్చినాడు. 1980లో టివిఎస్ 50 ఈ ఊరిలోనే పుట్టింది. మా వీధిలో వాళ్ళంతా ఒక్కొక్కరుగా దానికి మారిపోయినారు. నాయన మారలేదు. "కాళ్ళుండంగ పెట్రోలు యాల?" అనేవాడు.

ఈసారి రాసేది ఆ సైకిలు గురించి కాదు. దాని పక్కన చేరిన ఇంకొక సైకిలు గురించి, దాంట్లో మేము చేసిన ఒక తప్పు గురించి. తప్పు పెద్దదేమీ కాదు, ఒక అంగుళం.

మేమిద్దరం అన్నదమ్ములం. చిన్నవాడి కూతురుకు పన్నెండేండ్లు. పోయిన ఏడాది దానికి గేర్ల సైకిలు కావాలని మొదలుపెట్టింది. "పదకొండో క్లాసుకు వస్తే గవర్నమెంటే ఇస్తుంది కదా, అంతదాక ఆగు" అని మా అమ్మ. అది ఆగే రకం కాదు. బెంగళూరులో ఒకరి దగ్గర పాతది దొరికితే కొని తెచ్చినాము. ముందర మూడు పళ్ళచక్రాలు, వెనక ఏడు. వేసవి సెలవుల్లో ఆ సైకిలు మీదనే కృష్ణగిరిలో మా అత్త ఇంటికి, మామిడికాయల కాలానికి పోవాలని పాప పట్టు. పెద్ద రోడ్డు మీద లారీల నడుమ వద్దు, కెలమంగలం, రాయకోట మీదుగా పోదామని మేము. హొసూరు ఎత్తులో ఉంది, కృష్ణగిరి పల్లంలో ఉంది, కాబట్టి మొత్తం మీద దిగుడే. అయినా నడుమ నడుమ మిట్టలు తగులుతాయి.

ఆ మిట్టల కోసమే వెనక ఫ్రీవీలు మార్చినాము. ముందున్న దాంట్లో అన్నిటికంటే పెద్ద చక్రానికి 28 పళ్ళు. దాన్ని తీసి 34 పళ్ళది వేసినాము. వెనక పళ్ళు ఎక్కువైతే మిట్ట మీద తొక్కేది సులువు. చైను కూడా అరిగిపోయి ఉండింది, దాన్నీ మార్చాలనుకున్నాము. తప్పు జరిగింది ఈ చైను దగ్గర.

చైను గురించి కొంచెం చెప్పాల. ఏ సైకిలు చైను అయినా ఒక పిన్ను నుంచి ఇంకొక పిన్నుకు సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. నాయన హెర్క్యులిస్‌కూ అంతే, పాప గేర్ల సైకిలుకూ అంతే. వెడల్పు మాత్రం వేరు. గేర్లు లేని సైకిలు చైను లోపలి వెడల్పు 1/8 అంగుళం, మా పాప సైకిలుకు 3/32. చైనులో ఒకటి బైటి రేకుల లింకు, ఒకటి లోపలి రేకుల లింకు, మళ్ళా బైటిది, మళ్ళా లోపలిది, ఇట్ల జతలు జతలుగా పోతుంది. రెండు కొనలూ కలపాలంటే లోపలిది బైటిదానికే తగలాల. కాబట్టి లెక్క ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాల. 106, 108, 110, ఇట్ల. 107 కుదరదు. ఒక పక్క బైటిది, ఒక పక్క లోపలిదిగా వంచిన సగం లింకు అని ఒకటి అమ్ముతారు గాని, గేర్ల సైకిలుకు దాన్ని వాడరు.

పాత చైను తీసి లెక్కపెట్టినాము. 106. కొత్త చైను పెట్టె మీద 116 అని ఉంది. పది తీసేస్తే సరిపోతుంది. అంతవరకు బాగానే ఉంది.

ఫ్రీవీలు కొన్న దినం, హొసూరు బజారులో రిపేరు చేసే అన్న ఒక మాట చెప్పినాడు. తమిళంలో, పని చేసుకుంటానే, తల ఎత్తకుండా. 34 వేస్తా ఉంటే చైనుకు ఒక కణ్ణి ఎక్కువ పెట్టుకోండి అని.

బళ్ళో మేము చదివింది కన్నడంలో. అక్కడ గొలుసులో ఒక ముక్కను కొండి అంటారు. ఇంట్లో కొండి అంటే తేలు తోకకు ఉండేది. నాయన లంకె అంటాడు. పెట్టె మీద లింకు అని ఉంటుంది. బజారులో కణ్ణి. ఈ పక్క పుట్టిన మన ఇండ్లలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క భాష, మీకూ తెలిసిందే కదా. ఈ మాటలన్నీ ఒక్కదానికే పేర్లు అనుకున్నాము. ఇంటికి వచ్చి కూర్చుని లెక్క వేసినాము. 106కు ఒకటి కలిపితే 107. బేసి సంఖ్య. కలవదు. కాబట్టి ఆ అన్న ఏదో అలవాటుగా అన్నాడు, ఆయనకు సరిగ్గా తెలియదు అని తీర్మానం చేసుకున్నాము. 106 దగ్గర కత్తిరించినాము.

ఆయన లెక్కలో బైటిది, లోపలిది రెండూ కలిస్తేనే ఒక కణ్ణి. అంటే అంగుళం. పెట్టె లెక్కలో అది రెండు లింకులు. ఆయన చెప్పింది 108. మేము విన్నది 107. వేసింది 106. మళ్ళా ఒకసారి అడిగి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది. అడగలేదు.

మాలో పెద్దవాడిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఈ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని చెప్పాల. చైను వేసినాక వీధిలో అటూ ఇటూ తొక్కి చూసినాము. ముందర మూడు, వెనక ఏడు, కలిపితే 21 గేర్లు. మేము వేసి చూసింది తొమ్మిదో పదో. ముందర పెద్దది, వెనక పెద్దది రెండూ ఒకేసారి వేసి చూడలేదు. "అట్ల ఎవరు వేస్తారు?" అనుకున్నాము. రోజూ ఆఫీసులో ఈ మాట ఇంకొకరు అంటే ఒప్పుకోని మనిషి, ఇంట్లో తానే అన్నాడు.

ఆదివారం పొద్దున పాప హొసూరు కొండకు, చంద్రచూడేశ్వరుని గుడి దారికి, తొక్కుకుంటా పోయింది. వెనక మేము బండి మీద. కింద చదునులో ముందర పెద్ద చక్రం మీదనే వచ్చింది. మిట్ట మొదలైతానే కుడిచేతి మీట నొక్కుతా నొక్కుతా వెనక పెద్దదానికి తెచ్చింది. ముందరది మార్చలేదు. చైను బిర్రుగా లాగేసింది. వెనక గేరు మార్చే డిరైలర్ ముందుకు మెలిపెట్టుకుని, చక్రం కమ్ముల్లో ఇరుక్కుంది. సైకిలు అక్కడికక్కడే నిలబడిపోయింది, పాప పడింది. మెల్లగా పోతా ఉండింది కాబట్టి సరిపోయింది. మోచేతికి నాలుగు కుట్లు. అదే దిగేటప్పుడు అయ్యుంటే అని ఇప్పుడు కూడా అనుకోబుద్ధి కాదు.

ఆ దినం ఆస్పత్రి నుంచి వచ్చినాక ఇంట్లో అందరూ అడిగిన మాట ఒకటే. ఏమయింది? మేము చెప్పిన మాటా ఒకటే. "పెద్దదాని మీద పెద్దది వేయకూడదు. పాపకు తెలీక వేసింది."

ఆ మాటలో అబద్ధం లేదు. చైను వంకరగా పోతుంది, తొందరగా అరుగుతుంది, అందుకని అట్ల వేయొద్దనే అందరూ చెప్తారు. ఆ నిజం చాటున మేము దాక్కున్నాము. కృష్ణగిరి నుంచి అత్త ఫోను చేసి, "ఆడపిల్లకు గేర్లు గీర్లు ఏమిటికిరా, మామూలు సైకిలు చాలదా" అనింది. మేము అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. పాప ఆ మాట వింటా పక్కనే కూర్చోనుంది. మరుసటి దినం సైకిలును అదే తోసుకుని పోయి కొట్టంలో పెట్టేసింది. కృష్ణగిరి మాట మళ్ళా ఎత్తలేదు.

ఇట్ల ఐదు దినాలు పోయినాయి. నిజం చెప్పాలంటే రెండో దినానికే మాకు అనుమానం వచ్చింది. ఒకరి మొగం ఒకరు చూసుకున్నాము గాని, నోరు విప్పలేదు.

నాయనకు ఇప్పుడు చేతులు వణుకుతాయి. స్క్రూ డ్రైవరు పట్టుకోలేడు. కండ్లు మాత్రం బాగానే ఉండాయి. ఆరో దినం సాయంత్రం కొట్టంలో నుంచి పిలిచినాడు.

"ఆ చైను ఇప్పి ఇట్ల తెండ్రా."

తెచ్చినాము.

"ఆ గేరు మిషన్లో దూర్చొద్దండి. ముందర పెద్ద చక్రం మీద, వెనక పెద్ద చక్రం మీద వట్టిగ చుట్టండి. కొనలు రెండూ పట్టుకోండి."

చుట్టినాము. రెండు కొనలూ ఒకదానికొకటి తాకినాయి. అంతే. మిగిలింది ఏమీ లేదు.

"ఇంగ ఆ రెండు చిన్న చక్రాల నడుమ మలుపు తిరిగేదానికి చైను యాడుండాది?"

మేము మాట్లాడలేదు. చిన్నవాడు మెల్లగా, "పెద్దదాని మీద పెద్దది వేయకూడదు నాయనా" అన్నాడు.

"వేయకూడదు, సరే. వేస్తే ఏమి కావాల? శబ్దం రావాల, బరువుగా తొక్కాల. బిడ్డ పడేదేమిటికి?" అన్నాడు నాయన. ఆయన జన్మలో గేర్ల సైకిలు తొక్కలేదు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసినాము. ముందే వేయాల్సిన లెక్క. పెడలు ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకు దూరం 43 సెంటీమీటర్లు, అంటే 17 అంగుళాలకు పిసరంత తక్కువ. చైను పైన ఒకసారి, కింద ఒకసారి ఆ దూరం పోవాల. రెండింతలు చేస్తే 33.9. ముందర 42 పళ్ళ చక్రం చుట్టూ సగం, అంటే 21 లింకులు, అంగుళాల్లో పదిన్నర. వెనక 34లో సగం 17 లింకులు, ఎనిమిదిన్నర అంగుళాలు. మొత్తం 52.9. డిరైలర్ లోపల మలుపు తిరగడానికి ఇంకొక అంగుళం కలపాల, 53.9. పూర్తి అంగుళానికి పైకి తెస్తే 54. అంటే 108 లింకులు. పాత 28 పళ్ళ చక్రానికి ఇదే లెక్క వేస్తే 52.4 వస్తుంది. పైకి తెస్తే 53, అంటే 106. పాత చైను దాని కాలానికి సరిగ్గానే ఉండింది. చక్రం మార్చి, చైను లెక్క మార్చకుండా ఉండింది మేము. బజారులో అన్న చెప్పిన ఒక కణ్ణి, నాయన చూపించిన ఖాళీ, కాగితం మీద వచ్చిన అంగుళం, మూడూ ఒకటే.

మా ఆఫీసు పనిలో ఒక అలవాటు ఉంది. ఏదైనా పగిలితే మొదట వచ్చే మాట, "వాడేవాళ్ళు తప్పుగా వాడినారు" అని. ఆ మాటను ఎదిరించేదానికే మాకు జీతం. ఒక బొత్తాం ఉందంటే దాన్ని ఎవరో ఒకరు నొక్కుతారు. నొక్కకూడనిది నొక్కినా మనిషికి దెబ్బ తగలకూడదు. పన్నెండేండ్ల బిడ్డ తన సైకిలుకు ఉన్న గేరును తాను వేసింది. దాంట్లో దాని తప్పేముంది?

పొద్దున లేచి పాపను పిలిచి చెప్పినాము. చైను అంగుళం తక్కువ వేసింది మేము, బజారులో అన్న చెప్పినా విననిది మేము, అన్ని గేర్లూ వేసి చూడనిది మేము, నీ తప్పు ఏమీ లేదు అని. అది కొంచెంసేపు ఊరికే ఉండింది. తరువాత, "అంటే నేను గేరు తప్పుగా వేయలేదా పెదనాయనా?" అని అడిగింది. వేయకుంటే మేలు గాని, వేస్తే పడకూడదు, పడింది మా వల్ల అన్నాము. "మరి అత్తవ్వకు చెప్పండి" అనింది. చెప్పినాము. ఫోనులో అత్త మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయము. తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించింది.

రిపేరుకు ఎక్కువ ఖర్చు కాలేదు. డిరైలరూ, అది బిగించే కొక్కెమూ కొత్తవి వేయించినాము. కత్తిరించిన పది లింకుల ముక్కను నాయన పాత హార్లిక్స్ డబ్బాలో దాచిపెట్టి ఉండినాడు. దాంట్లో నుంచి ఒక లోపలి లింకు తీసి, చేత్తో విప్పి వేసుకునే లింకు ఇంకొకటి కొని, రెండూ కలిపినాము. 108 అయింది. ఈసారి వెనక చక్రం ఎత్తి పట్టుకుని 21 గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూసినాము. పాపే నొక్కింది, మేము చూసినాము. పెద్దదాని మీద పెద్దది వేస్తే డిరైలర్ ముందుకు చాచుకుని, ఇంకా కొంచెం వంపు మిగిలి ఉండింది. చిన్నదాని మీద చిన్నది వేస్తే చైను కిందికి వేలాడలేదు. పొడుగు మరీ ఎక్కువైతే అక్కడ తెలిసిపోతుంది.

మీ ఇండ్లలో సైకిలు ఉంటే ఈ నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి.

గేర్ల సైకిలు అయితే, డిరైలర్‌లో దూర్చకుండా పెద్దదాని మీద పెద్దది చుట్టి చూడండి. కొనలు కలిసే చోటు చూసుకుని, దానికి రెండు లింకులు, అంటే ఒక అంగుళం, కలపండి. వెనక చక్రం దగ్గర స్ప్రింగు షాకులున్న సైకిలైతే, అది అణిగేటప్పుడు ఇరుసుల దూరం మారుతుంది. ఆ దూరం అన్నిటికంటే ఎక్కువున్నప్పుడు కొలవాల.

గేర్లు లేని నాయన సైకిలు లాంటిదైతే లెక్క ఇంకా సులువు. ముందర 48, వెనక 18 పళ్ళు, ఇరుసుల నడుమ పంతొమ్మిదిన్నర అంగుళాలు. రెండింతలు 39, ముందర సగం 12, వెనక సగం నాలుగున్నర, మొత్తం 55.5. ముందరి చక్రం పెద్దది, వెనకది చిన్నది కాబట్టి చైను కొంచెం ఏటవాలుగా పోతుంది, దానికి ఇంకో పావు అంగుళం. 56 వేస్తే సరి, అంటే 112 లింకులు. మిగిలిన వదులును వెనక చక్రం వెనక్కి జరిపి తీసేయొచ్చు. నాయన ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు. చైను నడుమ బొటనవేలితో ఎత్తి చూసేవాడు. అర అంగుళం లేస్తే సరి. అసలు లేవకుంటే ఇరుసు అరుగుతుంది, మరీ లేస్తే చైను జారుతుంది.

పాత చైనును కొత్తదాని పక్కన వేలాడదీసి పొడుగు చూసి కత్తిరించొద్దు. లింకులు లెక్కపెట్టండి. అరిగిన చైను సాగి ఉంటుంది. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. స్టీలు స్కేలు పెట్టి చూస్తే 1/16 అంగుళం ఎక్కువ వచ్చిందంటే మార్చే కాలం వచ్చినట్లు. 1/8 వచ్చిందంటే పళ్ళు కూడా అరిగి ఉంటాయి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే స్విట్జర్లాండ్ ఆయన ఈ రోలరు చైను చేసినాడు. ఐదేండ్లకు స్టార్లీ రోవర్ సైకిలు చైనుతో వెనక చక్రం తిప్పుతా వచ్చింది. అప్పటి నుంచి ఎన్ని మారినా, అరిగితే సాగేది మాత్రం మారలేదు.

నాలుగోది నాయన మాట. "ఎక్కువుంటే కత్తిరించుకోవచ్చు. తక్కువైనంక యాడ తెస్తావు? కత్తిరించిన ముక్క పారేయొద్దు."

మే నెలలో కృష్ణగిరికి పోయినాము. పొద్దున ఐదుకు మత్తిగిరి నుంచి బయలుదేరి, కెలమంగలంలో ఇడ్లీ తిని, రాయకోట కోటను దూరం నుంచి చూస్తా. మిట్టల మీద పాప వెనక పెద్దది వేసుకుని ముందు పోయింది, మేము వెనకపడినాము. నడుమ ఒకచోట ముందర పెద్దది మార్చకుండానే వెనక పెద్దదానికి వేసింది. చైను గరగరమనింది. పాప వెనక్కి తిరిగి మా పక్క చూసింది, మెల్లగా ముందరది మార్చుకుంది.

నాయన బస్సులో మాకంటే ముందే అత్త ఇంటికి చేరి ఉండినాడు. మేము వాకిట్లో సైకిళ్ళు నిలబెడతానే, నీళ్ళు కూడా ఇవ్వనీకుండా, వంగి పాప సైకిలు చైనును బొటనవేలితో ఎత్తి చూసినాడు. ఏమీ అనలేదు. లోపలికి పోయి మామిడిపండ్లు కోయమన్నాడు.